చీటీలు కట్టిన చెయ్యి

“గదిలోకి ఎవరూ రాలేదు కదమ్మా?”

“ఎవ్వరు రాలే సారూ.”

“అయితే నా చేతులేనండి.”

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆయన గడప అవతల నిలబడి ఉన్నాడు, చంకలో గొడుగు. నేను గడప ఇవతల, పిండి చేతులతో. ఆయన మామూలు గొంతుతోనే అడిగాడు. నేను మామూలు గొంతుతోనే అబద్ధం చెప్పాను.

ఫ్రెంచి సారు పోయాడని నాకు పోయిన వారం తెలిసింది. పోయి నాలుగు నెలలయిందట. ఆయన దగ్గర చదువుకున్న పదకొండు మంది కలిసి ఆయన జ్ఞాపకంగా చిన్న పుస్తకం వేస్తున్నారు. వాళ్లలో ఒకడికి నాగర్‌కర్నూల్ బస్టాండు దగ్గర జిరాక్సు దుకాణం ఉంది, అచ్చు పని వాడిదే. వనపర్తిలో సారు రెండేళ్లు మా ఇంట్లోనే కిరాయికి ఉన్నాడు కాబట్టి నన్ను కూడా నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెప్తుంటే మా అన్న బిడ్డ సునీత రాస్తోంది. ఆమె కూడా ఆ పదకొండు మందిలో ఒకతె. నా మోటు మాటను పుస్తకం మాటలోకి మార్చి రాస్తానంది. మార్చుకోనీ. సంగతి మార్చకపోతే చాలు.

మా ఆయన మార్కెట్ యార్డులో హమాలీ. బస్తా మీద పడి నడుము విరిగి, ఏడాది మంచంలో ఉండి పోయాడు. ఆ తర్వాత మా ముందుగది ఊరికే పడి ఉండేది. నేను వెనక గదిలో జొన్న రొట్టెలు కాల్చి హోటళ్లకు వేసేదాన్ని. ఒకరోజు ఎండ నడినెత్తిన ఉండగా ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. తెల్ల చొక్కా, రెక్సిన్ సంచి, నల్ల గొడుగు. యాభై దాటి ఉంటాడు.

“గది ఉందన్నారండి.”

“ఉంది. ఏ ఊరు సారూ మీది?”

“యానాం అండి. గోదారి పోయి సముద్రంలో కలిసే చోటండి.”

“గంత దూరం నుంచి వచ్చి ఈడ ఏం చేస్తరు?”

“కాలేజీలో ఫ్రెంచి చెప్తానండి. అదొక భాషండి. మా ఊరు ఒకప్పుడు ఆ దొరల కింద ఉండేది. మా తాత దగ్గర నేర్చుకున్నాను.”

“తెలుగు మాట్లాడెటోల్లకే ఈడ పని దొరుకుత లేదు గద సారూ!”

ఆయన నవ్వాడు. నవ్వితే శబ్దం రాదు, భుజాలు మాత్రం కదులుతాయి. అప్పుడే గది తాళంచెవి ఇచ్చేశాను.

పాలమూరు పిల్లలకు ఫ్రెంచి ఎందుకని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. ఇంటర్‌లో తెలుగు బదులు అది తీసుకుంటే మార్కులు గుమ్మరిస్తారని ఆ ప్రైవేటు కాలేజీ వాళ్లు ఊరూరా తిరిగి చెప్పారట. గట్టు మా పుట్టినూరు, అక్కడ మా అన్న చెవిన కూడా పడింది. సునీతను తెచ్చి నా దగ్గర దింపి, “చెల్లే, ఇది ఏదో దొరల బాస సదువుతదంట, జర చూసుకో” అని పోయాడు. మిగతా చోట్ల ఫ్రెంచి సార్లు పది ప్రశ్నలు, పది జవాబులు రాయించి బట్టీ కొట్టిస్తారట. పిల్లలకు కావలసింది కూడా అంతే. ఈయనకు మాత్రం అది పడదు. “చిలకలక్కూడా అర్థమయ్యేలా చెప్పాలండి” అనేవాడు.

‘అండి’ లేకుండా ఆయనకు మాట పూర్తయ్యేది కాదు. గుమ్మంలోకి కుక్క వస్తే, “వెళ్లండి, వెళ్లండి, బయటికి వెళ్లండి” అని చేతులు ఊపేవాడు. కుక్క కూర్చుండిపోయేది. నేను పొయ్యి దగ్గర నుంచి ఒక్క అరుపు అరిస్తే లేచి పోయేది. “మీ మాటలో బలం ఉందమ్మా” అనేవాడు, ఎంతో పెద్ద సంగతి చెప్పినట్టు.

జొన్న రొట్టెను అప్పడంలా రెండు చేతులతో విరిచేవాడు. మొదటి నెల అన్నం కోసం మొహం వాచిపోయాడు గాని నోరు తెరిచి అడగలేదు. నేనే చూడలేక ఒక పూట వండి పెడితే, గిన్నె కడిగి బోర్లించి తెచ్చి ఇచ్చాడు. మగవాడు కడిగిన గిన్నె మా ఇంట్లోకి రావడం అదే మొదలు.

ఆదివారం ఆదివారం బస్సెక్కి బీచుపల్లి పోయేవాడు, కృష్ణను చూడటానికి. గుడికి కాదు. వంతెన మీద నిలబడి నీళ్లను చూసి తిరిగి వచ్చేవాడు. ఎండాకాలం అక్కడ ఏముంటుంది, బండలు తప్ప! అయినా పోయేవాడు. “ఉన్నయా సారూ నీళ్లు?” అంటే, “ఉన్నాయండి, సన్నగా ఉన్నాయి. కానీ నడుస్తున్నాయి” అనేవాడు, జబ్బు పడ్డ చుట్టాన్ని చూసి వచ్చినట్టు.

సాయంత్రాలు సునీత, ఇంకో ముగ్గురు నలుగురు పిల్లలు ముందుగదిలో కూర్చునేవాళ్లు. మధ్యలో ఒక్క గోడ. నేను రొట్టె తడుతుంటే ఆ మాటలన్నీ నా చెవిలో పడేవి. ఒక ఏడాది పొడుగునా అన్నీ కలిసి గోలగానే వినిపించాయి. రెండో ఏడు ఒకటే పాఠం మీద పడ్డారు. అవెక్ లకెల్, సూర్ లకెల్, దాన్ లకెల్. పిల్లలు తప్పు చెప్పడం, ఈయన “మళ్లీ అండి” అనడం. నెల గడిచింది. రొట్టె తట్టే చేతికి కూడా ఆ వరస అలవాటైపోయింది.

ఒకనాడు ఉండబట్టలేక గుమ్మంలోకి వచ్చి అడిగాను.

“ఏంది సారూ, నెల సంది ఆ లకెల్‌ను వదుల్త లేరు? అది అంత కొరకరాని గట్టి బొక్కనా?”

“గట్టిదేనమ్మా. ‘సూర్ లకెల్’ అంటే ‘దేని మీదైతే’ అని. మన తెలుగులో లేదు, అందుకు పిల్లలకి అందట్లేదు. ఇదిగో, మీరు ‘రొట్టె కాల్చిన పెంక’ అంటారు కదా?”

“అంట.”

“పెంక మీద కాల్చానని అందులో ఎక్కడా చెప్పరు. ‘మీద’ అన్న మాట జారిపోయింది. ఫ్రెంచిలో జారనివ్వరండి. ఏ పెంక మీద నేను రొట్టె కాల్చానో ఆ పెంక అని, మీద అయితే మీద, లోపలైతే లోపల, తోటి అయితే తోటి, ముందు చెప్పి తీరాలి.”

“రొట్టె పెంక మీద గాక పెంక కింద కాలుస్తరా సారూ? చెప్పకుంటే ఆ దేశపోల్లకు గంత గూడ తెల్వదా?”

పిల్లలు నవ్వలేక పొట్టలు పట్టుకున్నారు. ఆయన భుజాలు చాలాసేపు కదిలాయి. తర్వాత నెమ్మదిగా అన్నాడు: “తెలియదని కాదమ్మా. మనిషికీ వస్తువుకీ మధ్య ఏం నడిచిందో మింగకుండా చెప్పడం వాళ్లకి మర్యాద.”

అది నాకు అప్పుడు ఎక్కలేదు. నవ్వుకుంటూ వెళ్లి రొట్టె తిప్పాను.

ఆ తర్వాత ఆయన నన్ను వదల్లేదు. పాఠం మధ్యలో గోడ మీద వేలితో కొట్టి, “అమ్మా, పెంక ఆడదండి, రోకలి మగాడండి. వస్తువుల్లో కూడా ఆడా మగా ఉన్నాయి వాళ్లకి” అనేవాడు.

“మరి చీపురు?”

“మగాడేనండి.”

“మొగోడా? మా ఇంట్ల ఏ మొగోడు పట్టిండు సారూ చీపురు?”

ఇంకోసారి మనుషులకు ఒక మాట, వస్తువులకు ఇంకో మాట అని చెప్తున్నాడు. గొడ్డుకు ఏది అని అడిగాను. వస్తువుల మాటే వాడతారని చెప్పాడు. నాకు కోపం వచ్చింది. “మా పుట్టింట్ల ఎద్దు పోతే నేను రెండు దినాలు బువ్వ తినలే. దాన్ని రోకలితోటి జమ కడ్తరా?” అన్నాను. ఆయన సుద్దముక్క కింద పెట్టాడు. “కట్టకూడదండి. కానీ పరీక్షలో మాత్రం కట్టాలి” అని పిల్లల వైపు తిరిగాడు. కాలేజీలో మిగతా సార్లతో, “మా ఇంటి అమ్మగారు సగం పాఠం చెప్తారండి” అని చెప్పుకునేవాడట. ఆ మాట వీధిలోకి వచ్చి నా దాకా చేరింది. సంతకం తప్ప రాని దాన్ని, నాకు మెడ నాలుగు అంగుళాలు పెరిగింది. దాచుకోవడమెందుకు, పెరిగింది.

ఆ పాఠం పిల్లలకు అందించడానికి ఆయన ఒక పద్ధతి పెట్టాడు. ప్రతి ఒక్కరూ ఇంటి నుంచి ఒక సామాను తేవాలి. దానితోనో, దానిలోనో, దాని కిందనో తమ ఇంట్లో ఏం జరిగిందో ఒక వాక్యం చెప్పాలి. దాన్ని సారు, సామాను పేరు చోటు ఖాళీ వదిలి, ఫ్రెంచిలో చీటీ మీద రాసి, ఆ సామానుకు దారంతో కడతాడు. ఎవరి సామాను వాళ్లు తీసుకోకూడదు. పక్కవాళ్ల సామాను ఎత్తి, పక్కవాళ్ల ఇంటి సంగతి పైకి చదవాలి. అదీ ఆయన పాఠం.

గద్వాలలో మగ్గం ఉన్న ఇంటి పిల్లవాడు నాడె తెచ్చాడు. బెత్తెడు కూడా ఉండదు, మగ్గంలో పోగు మోసుకుంటూ అటూ ఇటూ పరుగెత్తే చెక్క. ‘మా నాయన ఏ నాడెతో ఊరందరికీ పట్టుచీరలు నేసి, మా అమ్మకు ఒక్కటీ నేయలేకపోయాడో, ఆ నాడె ఇది.’ వలస పోయే కూలీల పిల్ల ఒకతె ఇనుప తట్ట తెచ్చింది. ‘మా అమ్మ ఏ తట్టలో పరాయి ఊళ్లలో మట్టి మోసిందో, పని ఆపినప్పుడు నన్ను ఏ తట్టలో పడుకోబెట్టిందో, ఆ తట్ట.’ సునీత గట్టు పోయి వాళ్ల నాయన గొంగడి తెచ్చింది. ‘మా నాయనా నేనూ వానలో ఏ గొంగడి కింద బడికి నడిచామో, ఆ గొంగడి.’ ఒకతె దువ్వెన, ఒకడు కుడితి బకెట్టు, ఒకతె కొడవలి, ఇంకొకడు రోకలి. ఆ నెల పదకొండు మందీ మా ముందుగదికే వచ్చారు, గోడ ఇవతల నుంచి అన్నీ విన్నాను. ఆ పిల్లలు రెండేళ్లు పక్కపక్కన కూర్చుని ఒకరి ఇల్లు ఒకరు ఎరగరు. ఆ నెలలో ఎరిగారు.

పరీక్షలు అయిపోయాయి. పదకొండు మందీ ఫ్రెంచిలో పాసయ్యారు. అయితే కొత్తగా ఫ్రెంచిలో చేరేవాళ్లు దొరకడం లేదని, దాన్ని ఎత్తేసి సంస్కృతం పెడదామని కాలేజీ కరస్పాండెంటు అంటున్నాడు. సారు ఆయన్ని బతిమాలి ఒక్క అవకాశం అడిగాడు. కాలేజీ తెరిచే ముందు ఒక సోమవారం, తల్లిదండ్రులను పిలిచి, పాత పిల్లలతో ఆ సామాన్ల పాఠం చేసి చూపిస్తాడు. అది నచ్చి పిల్లలు చేరితే ఫ్రెంచి ఉంటుంది. లేకపోతే సారు పని పోతుంది. పిల్లలందరూ మళ్లీ సామాన్లు తెచ్చి మా ముందుగదిలో పెట్టి పోయారు. సారు పాత చీటీలన్నీ తీసి, కొత్తగా దిద్ది రాసి, ఒక్కొక్కదానికీ కట్టాడు. శనివారం పొద్దంతా అదే పని. మోకాళ్ల మీద కూర్చుని, కట్టిన చీటీని మళ్లీ చదివి, సామానును ఒకసారి చేత్తో తట్టి, పక్కకు పెట్టేవాడు.

ఆదివారం ఆయన బీచుపల్లి పోయాడు. సునీత వాళ్ల నాయనను తీసుకురావడానికి గట్టు పోయింది. ఇంట్లో నేనొక్కదాన్నే.

మధ్యాహ్నం మిరుగు వాన పడింది. ఏడాదిలో మొదటి వాన, గాలితో వచ్చింది. ముందుగది రేకుల్లో ఒక చోట చిల్లు ఉంది. పోయిన వానాకాలమే సారు చూపించాడు. “ఇయ్యాల రేపట్ల మనిషిని పిలిపిస్త సారూ” అన్నాను. ఏడాది పొడుగునా అదే మాట అన్నాను. ఆయన మళ్లీ అడగలేదు. నా దగ్గరున్న రెండో చెవితో తాళం తీసి చూసేసరికి నీళ్లు సరిగ్గా సామాన్ల మీదే కారుతున్నాయి.

అన్నీ ఎత్తి వెనక గదిలోకి తెచ్చాను. చీటీలు తడిసి అంటుకుపోతున్నాయి. రీఫిల్ పెన్నుతో రాసినవి కాబట్టి అక్షరం చెదరలేదు. దారాలు విప్పి, పొయ్యి చల్లార్చి, గోరువెచ్చగా ఉన్న పెంక మీద ఒక్కొక్కటీ పరిచి, రొట్టెను చూసుకున్నట్టు చూసుకుంటూ ఆరబెట్టాను. ఒక్కటి కూడా మాడనివ్వలేదు. పదకొండూ కరకరలాడుతూ ఆరాయి. అప్పుడు గాని తెలిసి రాలేదు, ఏది దేనిదో నాకు తెలియదని.

పక్కింటి వాళ్లు తెలుగు చదువుతారు గాని ఆ రాతను ఎవరు చదువుతారు? సారు వచ్చేదాకా ఆగితే సరిపోయేది. “వాన కారింది సారూ, విప్పి ఆరబెట్టిన, మీరే కట్టుకోండి” అంటే పది నిమిషాల పని. కానీ రేకుల సంగతి బయటపడుతుంది. ఆ పైన, సగం పాఠం చెప్పే అమ్మగారికి చీటీ మీద అక్షరం తెలియదని ఆయన ముందు నా నోటితో ఒప్పుకోవాలి.

చీటీల వంక చూశాను. కొన్నిటి మీద రాత రెండు వరసలు, కొన్నిటి మీద నాలుగు, ఒకదాని మీద ఆరు. నా బుద్ధికి ఒకటి తోచింది. పెద్ద సామాను గురించి చెప్పడానికి చాలా ఉంటుంది, చిన్న సామాను గురించి కొంచెమే ఉంటుంది. అంతే కదా! అన్నిటికంటే పొడుగు రాతను గొంగడికి కట్టాను. దాని తర్వాతది కుడితి బకెట్టుకు. ఆ తర్వాతది తట్టకు. ఆ తర్వాతది రోకలికి. అలా దిగుతూ దిగుతూ వచ్చి, అన్నిటికంటే పొట్టి చీటీని ఆ బెత్తెడు నాడెకు కట్టాను. గచ్చు తుడిచి, ఆరాక, సామాన్లు ఎక్కడివి అక్కడ పెట్టి తాళం వేశాను. నిజం చెప్తున్నాను, అప్పుడు నాకు భయం లేదు. లెక్క కుదిరిందనే అనుకున్నాను.

పొద్దుగూకే వేళకు సారు వచ్చాడు, తడిసి ముద్దై, మొహం వెలిగిపోతూ. “కొత్త నీరు వచ్చిందండి, ఎర్రగా!” అన్నాడు. గదిలోకి పోయి సామాన్లు పదకొండూ ఉన్నాయని చూసుకుని, తృప్తిగా తలుపు వేసుకున్నాడు.

మర్నాడు కాలేజీ హాలు నిండా జనం. మా అన్న ఉతికిన పంచె కట్టుకుని ముందు బెంచీలో కూర్చున్నాడు. తట్ట పిల్ల తల్లి పని మీద నుంచి నేరుగా వచ్చినట్టుంది, కాళ్లకు సున్నం అలాగే ఉంది. సారు నన్ను పేరు పెట్టి లేపి, “మా ఇంటి అమ్మగారండి, ఈ పాఠంలో సగం ఆమెదే” అని అందరికీ చెప్పాడు. నేను లేచి దండం పెట్టి కూర్చున్నాను.

మొదట సునీత. రోకలి ఎత్తింది. చీటీ చూసి ఫ్రెంచిలో గడగడ చదివింది. తెలుగులో చెప్పబోయి ఆగింది. సారు వంక చూసింది. “చెప్పండి, చెప్పండి” అన్నాడు సారు, ఆమె చేతిలో ఏముందో చూడకుండా జనం వంక చూస్తూ. “మా అవ్వ రోజూ దీనితో నా తల దువ్వుతది” అంది. హాలంతా ఘొల్లుమంది.

“అవ్వ కాదు, పోలీసోల్లు!” అన్నారెవరో వెనక నుంచి.

ఒక్కటే మారిందనుకున్నాడేమో, సారు రెండోవాణ్ని పిలిచాడు. ఆ పిల్లవాడు గొంగడి ఎత్తాడు. దానితో వాళ్ల నాయన పట్టుచీరలు నేశాడట. “ఏడ దొరుకుతయి బాబూ ఆ చీరలు, చలికాలం మంచిగుంటయి!” మళ్లీ నవ్వు. మా అన్న తల దించుకుని తువ్వాలు భుజం మార్చుకున్నాడు.

మూడో పిల్ల కుడితి బకెట్టు ఎత్తింది. ఫ్రెంచి అయ్యాక తెలుగు చెప్పకుండా చీటీని అటూ ఇటూ తిప్పి చూసింది. కరస్పాండెంటు నవ్వు ఆపుకుంటూ, “చెప్పమ్మా, ఏముందో చెప్పు” అన్నాడు. “దీనిలనే మా అమ్మ నన్ను పండవెట్టింది” అంది. ఇక ఆ నవ్వు ఆగలేదు. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆ సున్నం కాళ్ల తల్లి. అది తన సంగతేనని ఆమెకు తెలియదు. ఆమె పక్కన కూర్చున్న బిడ్డకు తెలుసు. ఆ పిల్ల తల్లి చెయ్యి పట్టుకుని, “నవ్వకే అమ్మా, నవ్వకే” అంటోంది.

నాకు అప్పుడు అర్థమైంది.

సారు గబగబా వచ్చి చీటీలు విప్పబోయాడు. ముడి రాకపోతే పంటితో లాగాడు. “మారిపోయాయండి. ఒక్క నిమిషం ఇవ్వండి.”

“సారూ, మీరే రాస్తిరి, మీరే కడ్తిరి. మారినయంటే ఎట్ల?” అన్నాడు కరస్పాండెంటు. ఇప్పుడు ఆయన నవ్వడం లేదు. “లేకుంటే ఈ పోరగాండ్లు మార్చిండ్రా? ఎవరో చెప్పుండ్రి. వాని మార్కుల మెమో ఆపుత, ఏ కాలేజీల చేరుతడో నేను గూడ చూస్త.”

నేను ఆఖరి బెంచీలో ఉన్నాను. లేచి నిలబడితే చాలు. ‘నేను మార్చిన’ అని రెండు మాటలు. పావుగంట క్రితమే అందరి ముందూ లేచి దండం పెట్టిన దాన్ని కదా. కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను.

సారు పిల్లల వైపు ఒకసారి చూశాడు. “పిల్లలు ముట్టుకోలేదండి. నేనే కట్టాను. ఈ మధ్య నా చూపు, నా జ్ఞాపకం సరిగ్గా ఉండటం లేదు. తప్పు నాదేనండి” అన్నాడు.

పిల్లల్ని కాపాడటానికి అలా అన్నాడని అప్పుడు అనుకున్నాను. సగం అంతే. మిగతా సగం ఆయన నిజంగానే నమ్ముతున్నాడని ఆ సాయంత్రం గడప ముందు నిలబడి అడిగినప్పుడు తెలిసింది. వేరే ఎవరైనా వచ్చారని నేను చెప్తానేమో అన్న ఆశ ఆ మొహంలో ఉంది. నేను రాలేదన్నాను. ఆయన తన రెండు చేతులనూ ఒకసారి తిప్పి చూసుకుని, ఆ మాట అని, గదిలోకి పోయాడు.

కాలేజీలో ఫ్రెంచి ఎత్తేశారు. ఆయన ఇంకా మూడు రోజులు ఉన్నాడు. ఆ మూడు రోజులూ నేను ఎదురు పడలేదు. పొద్దున్నే పిండిగిన్నె తీసుకుని పక్కింటి పొయ్యి మీద రొట్టెలు కాల్చుకున్నాను. ఆయన వెళ్లిపోయే రోజు కావాలనే మా చిన్నత్త ఇంటికి పోయాను. తిరిగి వచ్చేసరికి గది ఊడ్చి ఉంది. తాళంచెవి పక్కింటి వాళ్లకు ఇచ్చి, “అమ్మగారికి నమస్కారం చెప్పండి” అన్నాడట.

ఆ మర్నాడే మనిషిని పిలిపించి రేకులు వేయించాను. ఎవరి కోసమో!

ఐదేళ్లు గడిచాయి. నాడె తెచ్చిన పిల్లవాడు ఇప్పుడు కాకినాడ వైపు ఉద్యోగం చేస్తున్నాడు. తన పెళ్లికి పిలుద్దామని యానాం వెతుక్కుంటూ పోతే, గోడ మీద దండ వేసిన పటం కనిపించింది. సారు కూతురు వాడికి చెప్పిందట: “వనపర్తి నుంచి వచ్చాక నాన్నగారు ఎక్కడా పాఠం చెప్పలేదండి. ఎవరైనా పిల్లల్ని పంపిస్తామంటే, ‘వద్దండి, నేను ఒకదానికి కట్టాల్సింది ఇంకోదానికి కట్టేస్తున్నాను’ అనేవారు. ఆఖరికి తన మందులు కూడా తను తీసుకునేవారు కాదు. ‘నువ్వే తీసివ్వమ్మా, నేను మార్చేస్తాను’ అనేవారు.”

వాడు ఈ సంగతి చెప్తూ, పాపం ముసలితనం అని జాలి పడ్డాడు. సునీత కూడా జాలి పడింది. నేను లేచి పెరట్లోకి పోయాను.

ఆయనకు నేనేనని తెలిసి ఉంటే ఎంత బాగుండు అనుకుంటాను. నన్ను అబద్ధాలకోరు అనుకునేవాడు. అనుకోనీ. తన చెయ్యి మంచిదేనని అయినా తెలిసేది. ఐదేళ్లు ఆ మనిషి తన చేతులను తాను నమ్మకుండా బతికాడు. ఆ చేతులు కట్టిన పదకొండు చీటీల్లో ఒక్కటి కూడా తప్పు లేదు.

ఇక్కడికి వచ్చేసరికి సునీత రాయడం ఆపింది. ఇది కూడా రాయి అన్నాను.

“అత్తా, గిది పుస్తకంల పెట్టుడు అవసరమా?”

“అవసరమే.”

“సారు గురించి చెప్పమన్నరు గాని నీ గురించి కాదు గద. నదిని చూసొచ్చుడు, కుక్కను అండి అనుడు, గవి చాలవా?”

“సారు గురించే చెప్తున్న.”

అది పెన్ను కింద పెట్టింది. అప్పుడు అంది: “మా నాయన గొంగడికి నవ్విరి అత్తా ఆ దినం. నాయన బస్సుల ఆ గొంగడిని కాళ్ల కింద దాచుకున్నడు. నేను సారును ఎంత తిట్టుకున్ననో నీకు తెల్వదు. ముసలోనికి మతి లేదు, అందరి ముందట మా పరువు తీసిండని. ఫోన్ నంబరు ఉండె, ఒక్కపారి గూడ చెయ్యలే.”

“తిట్టు బిడ్డా, ఇప్పుడు నన్ను తిట్టు. కాని ముందుగాల రాయి.”

కళ్లు తుడుచుకుని మళ్లీ పెన్ను తీసింది.

యానాంలో ఉన్న సారు బిడ్డకు ఈ పుస్తకం చేరుతుందని విన్నాను. అమ్మా, నీకు చెప్తున్నాను. మీ నాయన చూపు బాగుంది, మతి బాగుంది, చెయ్యి బాగుంది. వాన కారితే చీటీలు విప్పింది నేను, చదువు రాక మార్చి కట్టింది నేను, అడిగితే లేదన్నది నేను. ఆయన పటం ముందు ఇది ఒక్కసారి పైకి చదువు. ఆయన వింటాడని కాదు. మీ ఇంట్లో ఎవరూ ఇంకెప్పుడూ ఆయన్ని మతి తప్పినవాడని అనకూడదని.

అయిపోయింది. ఇక చెప్పడానికి ఏమీ లేదు.

“రాసినవా? ఇగ మొదటి నుంచి సదువు బిడ్డా, నేను వింట. నిదానంగ సదువు. వాన పడ్డ కాడికి వచ్చినంక గొంతు తగ్గియ్యకు.”